బర్గర్ లోపలి రంగు

నా మనవరాలికి ఏడేళ్లు. పోయిన వేసవిలో ఒక శనివారం, మా గార్డెన్‌లో నేను నా చేత్తో కాల్చి ఇచ్చిన బీఫ్ బర్గర్ తిన్నది. లోపల ఎర్రగా ఉంది. ఎర్రగా ఉందని ఆ పిల్ల నాకు చెప్పింది కూడా. నేనే తినమన్నాను. నాలుగు రోజులకి దానికి విరోచనాల్లో రక్తం పడింది.

నేను నాటింగ్‌హామ్‌లో ముప్ఫయ్యేళ్లకు పైగా ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడి తెలుగువాళ్లలో నాకు రెండు పేర్లున్నాయి. ఒకటి, మోకాళ్ల డాక్టరని. రెండోది, నెత్తురు కారే బీఫ్ తినే మనిషని. మొదటిది నిజం.

రెండోది ఎలా వచ్చిందంటే, నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో మా కన్సల్టెంట్, అంటే మా పై పెద్ద డాక్టరు, డిపార్టుమెంటు మొత్తాన్నీ ఒక హోటల్‌కి భోజనానికి తీసుకెళ్లాడు. వెయిటర్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి స్టేక్, అంటే మందపాటి బీఫ్ ముక్క, ఎంత కాల్చాలని అడుగుతున్నాడు. మా ఇంట్లో కోడిని ఎలా వండాలని ఎవరూ ఎవరినీ అడగరు. ఎముక నుంచి కండ ఊడితే ఉడికినట్టు, లేకపోతే లేదు. కన్సల్టెంట్ "రేర్" అన్నాడు, అంటే పైపైన కాల్చి లోపల ఎర్రగా వదిలెయ్యమని. ఆయన ఏమంటే అది అనడం నా ఉద్యోగానికి మంచిదని నేనూ "రేర్" అన్నాను. కంచం వచ్చింది. కత్తి పెట్టగానే ఎర్రటి నీళ్లు బంగాళాదుంపల దాకా పారాయి. పొద్దున ఆపరేషన్ థియేటర్‌లో చూసిన తొడ గుర్తొచ్చింది. ముక్కలు కోశాను, అటూ ఇటూ జరిపాను, రెండు ముక్కలు ఆకుల కింద దాచాను, మిగిలిందంతా పక్కనున్న ఐరిష్ డాక్టరు కంచంలోకి పోయింది. ఆయన ఆనందంగా తిన్నాడు. నేను బ్రెడ్డు తిని ఇంటికొచ్చాను.

ఆ వారాంతం తెలుగు డాక్టర్లం ఒక ఇంట్లో కలిశాం. అక్కడ నేను చెప్పిన కథలో ఆ స్టేక్ నా అరచేతి మందాన ఉంది. నేను మొత్తం తిన్నాను. కన్సల్టెంట్ లేచి నిలబడి చెయ్యి కలిపాడు. వినేవాళ్లలో సగం మంది మొహం చిట్లించుకున్నారు, సగం మంది నావైపు కొత్తగా చూశారు. రెండూ నాకు బాగున్నాయి. ఆ తర్వాత ఏ హోటల్‌కి వెళ్లినా అదే నాటకం. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ రేర్ అంటే ఏమిటో, మీడియం అంటే ఏమిటో, పూర్తిగా కాలిస్తే రుచి ఎలా చస్తుందో ఉపన్యాసం చెప్పేవాణ్ణి. నేను బీఫ్ ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టలేదు. ఇప్పటికీ పెట్టలేదు.

మా ఆవిడ మాత్రం నమ్మింది. వద్దనలేదు, ఒక నియమం పెట్టింది. బీఫ్ తిని వచ్చిన రోజు నేను ముందు తలుపులోంచి రాకూడదు. గరాజ్ పక్క తలుపులోంచి వచ్చి, కింది బాత్రూంలో తలస్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే వంటింట్లో అడుగు పెట్టాలి. మంచు కురిసే రోజుల్లో కూడా అలాగే చేశాను.

ఇక ఆ శనివారం సంగతి. మా గార్డెన్‌లో యాభై మంది దాకా ఉన్నారు. లేదు, పిల్లలతో కలిపి పద్నాలుగు మంది. ఇంటి వైపు పెద్ద బార్బెక్యూ పొయ్యి మీద చికెన్, మొక్కజొన్న కండెలు. దాని పెత్తనం మా ఆవిడది. గార్డెన్ చివర, షెడ్డు పక్కన చిన్న బార్బెక్యూ. దానికి వేరే పట్టకారు, వేరే కంచాలు, పట్టకారుకి ఎర్ర టేపు. అది మా అల్లుడి కోసం. అల్లుడు ఇంగ్లీషువాడు. నన్ను మామయ్యా అని పిలవడం నేర్చుకున్నాడు, మిగతా మాటలన్నీ ఇంగ్లీషులోనే. మా కుటుంబంలో బీఫ్ తినేది అతనూ, అతని కూతురూ ఇద్దరే. అందుకే ఆ చిన్న బార్బెక్యూ దగ్గరికి మనవాళ్లెవరూ రారు. వచ్చినా దూరంగా నిలబడి మాట్లాడతారు. వండటం తెలిసిన ఆడవాళ్లు పదడుగుల అవతలే ఆగిపోతారు. కోసి చూసేవాళ్లుండరు, రుచి చూసేవాళ్లుండరు. ఎప్పుడూ అల్లుడే కాల్చుకునేవాడు కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఆ రోజు ఒక స్టేక్ అతనికి, చేత్తో ఒత్తిన ఖీమా బిళ్ల ఒకటి బర్గర్ కోసం పిల్లకి. అతను బొగ్గు రాజేశాడు. ఇంతలో యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్న ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఇద్దరూ విజయవాడ వైపు వాళ్లే.

"అంకుల్, మీరు రక్తం కారేది తింటారంట కదా, నిజమేనా?" అంది ఒకమ్మాయి.

"కారేది కాదమ్మా, ఊరేది," అన్నాను.

"అయితే ఈ రోజు మీరే కాల్చాలి. మేం చూస్తాం."

"ఇంత దూరం నుంచే చూస్తాం," అంది రెండో అమ్మాయి, ఒకడుగు వెనక్కి వేస్తూ.

నేను అల్లుడి చేతిలోంచి పట్టకారు తీసుకున్నాను. అతను జేబులోంచి మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు తీసి ఇవ్వబోయాడు. స్టేక్ ఎలా ఉన్నా ఫరవాలేదు, బర్గర్ మాత్రం పూర్తిగా కాలాలి, మధ్యలో డెబ్భై డిగ్రీలు దాటాలి అన్నాడు. ముక్కగా ఉన్న మాంసానికి క్రిములు పైనే ఉంటాయి, పైన కాలిస్తే చస్తాయి, ఖీమా కొట్టినప్పుడు పైనున్నవన్నీ లోపలికి పోతాయి అని కూడా చెప్పాడు.

ఈ మాట నాకు ఒకరు చెప్పాలా? చర్మం చిట్లని ఎముక విరుపు వేరు, చర్మం చీల్చుకుని బయటికొచ్చిన విరుపు వేరు, మురికి లోపలికి పోయిందా లేదా అన్నదే అసలు సంగతి అని నా దగ్గర పనిచేసిన జూనియర్లందరికీ నేర్పినవాణ్ణి నేను. అర్థమైంది. అర్థమయ్యీ, అమ్మాయిలు చూస్తున్నారని థర్మామీటరు వెనక్కి నెట్టేశాను.

"మీ ఆయుధాలు మాకక్కర్లేదు. నా వేలే నా థర్మామీటరు," అన్నాను. "ఈయన స్టేక్ చూశారా అమ్మాయిలూ, బూటు అడుగులా మాడితే గానీ తినడు. పేరుకి ఇంగ్లీషువాడు."

అతను నవ్వి, నన్ను వదిలేసి చికెన్ వైపు వెళ్లాడు.

అమ్మాయిలకి విద్య చూపించాను. బొటనవేలు చూపుడువేలికి ఆనిస్తే అరచేతి కండ మెత్తగా ఉంటుంది, రేర్ స్టేక్ నొక్కితే అలా ఉంటుంది. మధ్యవేలికి ఆనిస్తే కొంచెం గట్టి. చిటికెన వేలికి వచ్చేసరికి పూర్తిగా కాలినట్టు. ఇది లండన్‌లో ఒక పెద్ద హోటల్ వంటవాడు నాకు స్వయంగా నేర్పాడని చెప్పాను. ఆ పొద్దున టాయిలెట్‌లో కూర్చుని ఫోన్‌లో వీడియో చూశాను. వీడియోలో స్టేక్ గురించే చెప్పారు. ఖీమా గురించి ఏమీ చెప్పలేదు.

ఖీమా బిళ్ల మందంగా ఉంది. కింద మంట ఎక్కువైంది. పైన నల్లగా వచ్చేసింది. ఒకసారి తిప్పాను, వేలితో నొక్కాను. అది ఎలా ఉందో నాకేం తెలుసు? జన్మలో మొదటిసారి బీఫ్‌ని తాకాను. వేలు కాలింది. "సరిగ్గా ఉంది," అన్నాను. బన్నులో పెట్టి పిల్లకి ఇచ్చాను.

అది నా పక్కనే చిన్న స్టూలు మీద కూర్చుని ఒక కొరుకు కొరికింది. కొరికిన చోట చూసింది. మా మాటలన్నీ దానికి అర్థమవుతాయి, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది.

"ఇట్స్ పింక్, తాతా."

నేను వంగి చూశాను. అంచు పక్కన గోధుమరంగు, మధ్యలో గులాబీరంగు కూడా కాదు, ఎరుపు. అటు అమ్మాయిలు వింటున్నారు.

"అదేనమ్మా రుచి. పెద్దవాళ్లు అలాగే తింటారు. నువ్వు పెద్దదానివా, చిన్నదానివా?"

"పెద్ద," అంది తెలుగులో. మొత్తం తినేసింది. ఖాళీ కంచం పైకెత్తి చూపించింది కూడా.

ఆదివారం బాగానే ఉంది. సోమవారం స్కూలుకి వెళ్లింది. ఆ రెండు రోజులూ నేను దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదని రాస్తే బాగుంటుంది. శనివారం రాత్రి నుంచే ఆలోచిస్తున్నాను. ఆదివారం రెండుసార్లు కూతురికి ఫోన్ చేసి, ఏదో వంక పెట్టి, పిల్ల ఏం చేస్తోందని అడిగాను. సోమవారం సాయంత్రం స్కూలు నుంచి తీసుకొచ్చేటప్పుడు దారంతా కడుపులో ఎలా ఉందని అడిగాను. "ఫైన్," అంది ప్రతిసారీ, విసుగ్గా.

మంగళవారం పదకొండింటికి స్కూలు నుంచి ఫోన్. కడుపునొప్పి, రెండుసార్లు విరోచనాలు, వచ్చి తీసుకెళ్లండి అన్నారు. పరుగెత్తాను. నా మోకాళ్లతో పరుగేమిటి, కారు దాకా నడిచాను. స్కూలు ఆఫీసులో అది కుర్చీలో ముడుచుకుని కూర్చుని ఉంది, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని. నన్ను చూసి నవ్వలేదు.

సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి సరాసరి మా ఇంటికే వచ్చింది. పిల్ల నుదురు చూసింది, నీళ్లు తాగించింది, నా వైపు తిరిగింది.

"నాన్నా, శనివారం బర్గర్ పూర్తిగా కాలిందా? మా ఆయన అడగమన్నారు."

ఇప్పుడు చెప్తే సరిపోయేది. మా ఏరియా డాక్టరు క్లినిక్, ఇక్కడ జీపీ సర్జరీ అంటారు, ఇంకా తెరిచే ఉంది.

"కాల్చింది ఎవరనుకున్నావు? నలభై ఏళ్ల అనుభవం," అన్నాను.

"అది కాదు, లోపల పింక్‌గా ఏమైనా..."

"లేదు."

అంతే. రెండక్షరాలు. ఆమె నమ్మింది. సర్జరీకి ఫోన్ చేసి, స్కూల్లో ఏదో కడుపు జబ్బు తిరుగుతున్నట్టుంది, ఇంట్లో తిన్నదాంట్లో అనుమానం లేదని చెప్పింది. నీళ్లు బాగా తాగించండి, రేపటికి తగ్గకపోతే, రక్తం కనిపిస్తే వెంటనే చెప్పండి అన్నారు.

నా భయం ఎందుకో చెప్పాలి. ఎముకల వైపు రాక ముందు ఆరు నెలలు పిల్లల వార్డు డ్యూటీల్లో పనిచేశాను. అక్కడ ఒక ఐదేళ్ల బాబుని చూశాను. సరిగా ఉడకని ఖీమా తిన్నాడు. ముందు విరోచనాలు, తర్వాత రక్తం, వారం తిరిగేసరికి మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. ఆ బాబుని డయాలిసిస్ యంత్రం పక్కన చూశాను. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు. పెంచాల్సిన అవసరం కూడా లేదు. ఆ ఖీమాలోని క్రిమికి యాంటీబయాటిక్ వేస్తే మేలు కంటే కీడు ఎక్కువ జరగొచ్చని అప్పుడే విన్నాను. చచ్చే క్రిమి తన విషాన్నంతా వదిలిపెడుతుందని, అది వెళ్లి కిడ్నీల మీద పడుతుందని మా సీనియర్ చెప్పింది.

బుధవారం పొద్దున పిల్లని మా ఇంట్లోనే ఉంచారు. అమ్మాయి ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చింది. తొమ్మిదిన్నరకి పిల్ల బాత్రూంలోంచి పిలిచింది. నేనే వెళ్లాను. కమోడ్‌లో చూశాను. విరోచనం తక్కువ, రక్తం ఎక్కువ. పిల్లకి కనిపించకుండా ముందు ఫ్లష్ నొక్కాను. దాన్ని కడిగి, ఎత్తుకుని సోఫాలో పడుకోబెట్టాను. వెళ్లి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. జీవితమంతా రక్తంలో చేతులు పెట్టినవాణ్ణి.

హాల్లో అమ్మాయి సర్జరీకి ఫోన్ పెట్టుకుని క్యూలో ఉంది. మీరు క్యూలో ఆరో వారు అని ఫోన్ చెబుతోంది, మధ్యలో సంగీతం. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. ఒక చేతిలో చెంచా, ఇంకో చేతిలో గులాబీరంగు సీసా.

ఆ సీసా సంగతి ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇండియా వెళ్లినప్పుడల్లా ఒక డబ్బా నిండా మందులు సూట్‌కేసులో వస్తాయి. జ్వరానికి, దగ్గుకి, విరోచనాలకి. ఇక్కడ జీపీ నీళ్లు తాగమని పంపించేస్తాడు, మన డబ్బాలో మాత్రం అన్నీ ఉంటాయి. విరోచనాల మందంటే యాంటీబయాటిక్ సిరప్. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి ఆ డబ్బా ఖాళీ అయిన రోజు లేదు. డాక్టరు ఇంట్లో ఈ పనేమిటని నన్ను అడిగితే, నేను ఎముకల డాక్టర్ని, కడుపులు మా ఆవిడ చూసుకుంటుందని చెప్పేవాణ్ణి.

ఆవిడ పిల్ల పక్కన కూర్చుని చెంచాలో సిరప్ వంచింది.

"లేమ్మా బంగారం, ఒక్క గుక్క. తియ్యగా ఉంటుంది."

"ఆగు," అన్నాను.

"ఏంటండీ?"

"అది పొయ్యకు."

"సగం చెంచాయే. వీళ్లమ్మకి పొయ్యలేదా నేను? రాయిలా తిరుగుతోంది కదా ఇప్పుడు."

"ఎక్స్‌పైరీ అయిపోయింది దానికి."

ఆవిడ సీసా తిప్పి, కళ్లజోడు పైకి నెట్టి చదివింది. "ఇంకా ఎనిమిది నెలలుంది. మీరు పక్కకి జరగండి."

పిల్ల నోరు తెరిచింది. చెంచా దాని పెదవి దాకా వచ్చింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. సిరప్ పిల్ల గౌను మీద ఒలికింది.

"ఆ బర్గర్ ఉడకలేదు," అన్నాను. "లోపల పచ్చిగా ఉంది. దీనికి ఇప్పుడు రక్తం పడింది, నేను చూసి నీళ్లు వదిలేశాను. ఇది ఆ జబ్బయితే ఈ మందు పొయ్యకూడదు. కిడ్నీలు పోతాయి."

అమ్మాయి ఫోన్ చెవి దగ్గర నుంచి కిందికి దించింది. అందులో సంగీతం వస్తూనే ఉంది.

"నిన్న కాలిందన్నావు."

"అబద్ధం చెప్పాను."

"పచ్చిగా ఉందని నీకు ఎప్పుడు తెలుసు?"

"అది కొరికినప్పుడే. చెప్పింది నాకు. నేనే తినమన్నాను."

"నీకు తెలుసు కదా నాన్నా. ఎన్నేళ్లుగా తింటున్నావు, స్టేక్ వేరు బర్గర్ వేరని నీకు తెలీకుండా ఎలా ఉంటుంది?"

"నేను తినలేదు."

"ఏంటి?"

"ఎప్పుడూ తినలేదు. ఒక్క ముక్క కూడా. అవన్నీ ఊరికే చెప్పినవి. బీఫ్ కాల్చడం శనివారమే మొదటిసారి."

మీరు క్యూలో మూడో వారు అంది ఫోన్. అమ్మాయి దాన్ని కట్ చేసి, పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుని కారు దగ్గరికి నడిచింది. నన్ను రమ్మనలేదు. నేను ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

పిల్లల ఎమర్జెన్సీలో రక్తం అన్న మాట వినగానే లోపలికి తీసుకున్నారు. అమ్మాయి పిల్లతో పాటు లోపలికి వెళ్లింది. బయట ప్లాస్టిక్ కుర్చీల్లో మా ఆవిడా నేనూ. చాలాసేపు ఆవిడ ఎదురుగా గోడ మీద అతికించిన చేపల బొమ్మలు చూస్తూ కూర్చుంది.

"మరి ఆ స్నానాలు?" అంది చివరికి.

"ఏ స్నానాలు?"

"ఏ స్నానాలంటారేంటి. తిననప్పుడు ఎందుకు చేశారు?"

"చెయ్యకపోతే తెలిసిపోతుంది కదా."

"నేను ఆ రోజుల్లో ప్రతిసారీ దేవుడి దగ్గర మీ తరఫున చెంపలు వేసుకున్నాను," అంది. గొంతు పెంచలేదు. "ఆయన ఏమనుకుని ఉంటాడు నా గురించి?"

ఇంకో రోజయితే ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణే.

కాసేపటికి ఒక డాక్టరమ్మ బయటికొచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, పిల్లల విభాగంలో రిజిస్ట్రార్, అంటే కన్సల్టెంట్ కింద పనిచేసే డాక్టరు. కాగితాల్లో నా పేరు చూసి తెలుగువాణ్ణని, డాక్టర్నని గుర్తుపట్టింది. తనది హైదరాబాదని చెప్పి, పక్కన కుర్చీలో కూర్చుంది.

"అంకుల్, ఆ బర్గర్ మీరే కాల్చిన్రంట కదా. ఎంతసేపు కాల్చిన్రు?"

"పదిహేను నిమిషాలు ఉంటుందమ్మా," అన్నాను.

మా ఆవిడ నా వైపు తిరిగింది.

"కాదు," అన్నాను. "ఆరు. ఐదేమో. ఒక్కసారే తిప్పాను. థర్మామీటరు పెట్టలేదు, ఇస్తే వద్దన్నాను. మధ్యలో ఎర్రగా ఉంది. మొత్తం తిన్నది."

ఆమె రాసుకుంది. "ఇంట్ల మందులేమన్న ఇచ్చిన్రా? యాంటీబయాటిక్ గాని, మోషన్ ఆపే గోళీలు గాని?"

"లేదమ్మా. పెదవికి తగిలి ఉంటుంది, లోపలికి పోలేదు."

"అది మంచిగైంది. చాలామంది ఇచ్చేసి వస్తరు, మనోళ్లయితే ఇంకా ఎక్కువ. ఇప్పుడైతే మేం కూడ ఏం ఇయ్యం, సెలైన్ తప్ప. శాంపిల్ పంపినం. రోజూ బ్లడ్ చూస్కుంట ఉంటం. అసలు భయం ఈ రోజు కాదు అంకుల్, ఇంకో ఐదారు రోజులది. మీకు తెలుసు కదా."

తెలుసు.

శుక్రవారం రిపోర్టు వచ్చింది. అదే క్రిమి. ఊరి కౌన్సిల్ ఆరోగ్య విభాగం నుంచి ఒకావిడ ఫోన్ చేసి గంటసేపు ప్రశ్నలు అడిగింది. ఖీమా ఎక్కడ కొన్నారు, ఎన్నింటికి ఫ్రిజ్ లోంచి తీశారు, ఎవరెవరు తాకారు, లోపల రంగేమిటి. పక్కన అల్లుడు కూర్చున్నాడు. ఉప్పూ కారం ఏమీ వెయ్యకుండా అన్నీ చెప్పాను. ఫోన్ పెట్టేశాక, అతను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఆ పట్టకారు నేను మీ చేతిలోంచి తిరిగి తీసుకుని ఉండాల్సింది," అన్నాడు. "మామగారు కదా, అందరి ముందూ బాగోదని ఊరుకున్నాను."

శనివారం ప్లేట్‌లెట్లు తగ్గాయి. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే అంకె కొంచెం పైకి వెళ్లింది. ఆదివారం ఇంకొంచెం. మొహం ఉబ్బింది. అప్పటి నుంచి ఆ వార్డులో మా అందరి చూపూ ఒక్క దాని మీదే. మూత్రం. పిల్ల బాత్రూంకి వెళ్లినప్పుడల్లా అట్టగిన్నెలో పట్టి, గీతలున్న జగ్గులో పోసి, ఎంత వచ్చిందో మంచం చివర చార్టులో రాయాలి. నర్సులు రాసేవాళ్లు, లేకపోతే అమ్మాయి. ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కలిపి ఒక చిన్న గ్లాసు కూడా లేదు. సోమవారం డయాలిసిస్ చేసే ఆస్పత్రితో మాట్లాడుతున్నామని చెప్పారు. అక్కడ మంచం కూడా అడిగి పెట్టారట.

ఆ రోజుల్లో అమ్మాయి నాతో మాట్లాడలేదు. కోపం చూపించలేదు కూడా. నేను గదిలోకి వస్తే ఏదో పని ఉన్నట్టు అటు తిరిగేది. ఏదైనా అడగాలంటే వాళ్లమ్మని అడిగేది. ఒకసారి పిల్ల ఏం తిన్నదని నర్సు నన్ను అడిగితే, నేను నోరు తెరిచేలోపే అమ్మాయి వచ్చి తనే జవాబు చెప్పింది. నేను కారిడార్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పిల్ల మాత్రం నన్ను పిలిచి, ఫోన్‌లో బొమ్మల ఆట ఆడమనేది. నాతో ఆడుతూ మధ్యలో నిద్రపోయేది. దానికి ఇదంతా నా వల్లేనని ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం నేనే చెప్పాను. ఆ బర్గర్ బాగాలేదని నువ్వు చెప్పినప్పుడు తాత వినాల్సింది అన్నాను. అది కాస్త ఆలోచించి, "యూ సెడ్ ఇట్ వాజ్ యమ్మీ," అంది. నేను తల ఊపాను.

మంగళవారం పొద్దున రిజిస్ట్రార్ వచ్చింది. మంచం పక్కన నిలబడి కాగితం చూసి చెప్పింది.

"ప్లేట్‌లెట్స్ ఆగినయ్. నిన్నటికన్న కొంచెం పెరిగినయ్ కూడ. కిడ్నీ నంబర్ అట్లనే ఉంది, పెరగలే. అయితే ఇయ్యాల యూరిన్ ఎంతొస్తదో చూడాలె. దాన్ని బట్టే అక్కడికి పంపుడా, ఇక్కడ్నే ఉంచుడా అన్నది. కరెక్టుగ రాయిండ్రి, అంచనాగ కాదు."

అల్లుడు బట్టలు తేవడానికి ఇంటికి వెళ్లాడు. మా ఆవిడ కిందికి టీ కోసం వెళ్లింది. పదకొండు గంటల వేళ రిజిస్ట్రార్ డయాలిసిస్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడటానికి అమ్మాయిని రమ్మంది. అదే సమయానికి పిల్ల బాత్రూంకి పోవాలంది. నర్సు పక్క మంచం దగ్గర వేరే బిడ్డకి సెలైన్ మారుస్తోంది.

అమ్మాయి గుమ్మంలో నిలబడి ఒకసారి నర్సు వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది.

"నాన్నా, నువ్వు తీసుకెళ్లు," అంది. ఆరు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. "కొలిచి రాయి."

రిజిస్ట్రార్ వెనకే వెళ్లిపోయింది.

పిల్లని నడిపించుకుంటూ వెళ్లాను, సెలైన్ స్టాండు ఒక చేత్తో తోస్తూ. అట్టగిన్నె పెట్టాను. "డోంట్ లుక్," అంది. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ముందు ఏమీ వినిపించలేదు. తర్వాత చుక్కలు. తర్వాత ఆగకుండా, గట్టిగా, చాలాసేపు. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మలున్నాయి. వాటిని మొదటి నుంచి చివర దాకా చదివాను.

జగ్గులో పోశాను. బల్ల మీద సమంగా పెట్టి, వంగి, గీత నా కంటి ఎత్తులోకి తెచ్చుకుని చూశాను. నూట నలభై మిల్లీలీటర్లు దాటింది, నూట యాభైకి చేరలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. రెండు రోజుల్లో వచ్చిన దానికంటే ఎక్కువ. నూట యాభై అని రాస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. చదవడానికి బాగుంటుంది. అమ్మాయి మొహం ఇంకొంచెం వెలుగుతుంది.

నూట నలభై రెండు అని రాశాను. పక్కన టైము వేశాను, నా సంతకం పెట్టాను.

అమ్మాయి ఫోన్ ముగించి వచ్చింది. పిల్లని నేను మంచం ఎక్కిస్తున్నాను. ఆమె చార్టు తీసి చదివింది, వేలు ఆ అంకె కింద పెట్టి ఇంకోసారి చదివింది. వెంటనే కారిడార్‌లోకి వెళ్లి, రిజిస్ట్రార్‌కి వినిపించేలా ఆ అంకె చెప్పింది. ఎవరు కొలిచారని అవతలి నుంచి అడిగినట్టున్నారు.

"మా నాన్న," అంది.

జగ్గు ఇంకా బాత్రూం బల్ల మీదే ఉంది. అమ్మాయి వెళ్లి గీత సరిచూడలేదు.